గుంత తీయకముందే తేల్చుకోండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు కొత్తగా పోస్టింగ్ వచ్చిన పంచాయతీ కార్యదర్శికి మొక్కలు నాటడం పెద్ద పనిలా కనిపించదు. నర్సరీ ఊళ్లోనే ఉంటుంది. కూలీలు ఉపాధి హామీలో వస్తారు. నాటే రోజు నాయకులు వచ్చినా రాకపోయినా ఫొటో పడుతుంది. కథ తర్వాతి మార్చిలో మొదలవుతుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి బండి దిగి, ఊతకర్రలు మాత్రమే మిగిలిన వరుసను చూపించి "ఇవేమైనయ్?" అంటాడు. ఎండలని, మేకలని మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ షోకాజ్ నోటీసుకు అది జవాబు కాదు.

2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలంటుంది. ఆ బాధ్యతను సర్పంచ్ మీద, కార్యదర్శి మీద పేరుపెట్టి మోపింది. 2019 మున్సిపల్ చట్టంతో ఇదే లెక్క పట్టణాలకూ వచ్చింది. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. 2015లో హరితహారంగా మొదలైన కార్యక్రమం ఇప్పుడు వన మహోత్సవం పేరుతో నడుస్తోంది. పేరు మారింది గానీ రిజిస్టర్‌లో మీ సంతకం ఉండే కాలమ్ మారలేదు. ఈ చట్టం న్యాయమా కాదా అన్న చర్చ యూనియన్ మీటింగ్‌లో పెట్టుకుందాం. ఇక్కడ నోటీసు రాకుండా చూసుకోవడం గురించి మాట్లాడుకుందాం.

మొక్క చచ్చేది ఏప్రిల్‌లో. దాని చావు ఖాయమయ్యేది మాత్రం చాలాసార్లు జూన్‌లో, గుంత ఎక్కడ తీశామన్న దగ్గరే. మన పద్ధతి తలకిందులుగా ఉంది. పైనుంచి సంఖ్య వస్తుంది. సంఖ్యకు సరిపడా నర్సరీలో ఉన్న మొక్కలు తీస్తారు. వాటికి సరిపడా ఖాళీ ఎక్కడుందా అని ఫీల్డ్ అసిస్టెంట్ బండేసుకుని తిరుగుతాడు. దీన్ని తిప్పి చేయాలి. ముందు చోటు, తర్వాత అక్కడికి నీళ్లు ఎట్లా వస్తాయన్నది, తర్వాత ఏ మొక్క, చివరికి ఎన్ని. సంఖ్య మీ చేతిలో లేదని నాకు తెలుసు. చోటు మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. ఆ పని ఏప్రిల్, మే నెలల్లో చేయాలి, ఎందుకంటే ఏ చోటు గుణమైనా ఎండల్లోనే బయటపడుతుంది.

మొదట భూమి ఎవరిదో తేల్చండి. ఖాళీగా కనిపించిన ప్రతి జాగా పంచాయతీది కాదు. ఊరికి పోయే బాట పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లదా, ఆర్ అండ్ బీ వాళ్లదా, జాతీయ రహదారి కిందకు పోయిందా అన్నది కాగితం చూసి తెలుసుకోవాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పోయే 63వ నంబర్ రహదారి, జగిత్యాల నుంచి కరీంనగర్ వైపు పోయే 563, రెండూ నాలుగు లైన్ల విస్తరణ మాటల్లో ఏళ్లుగా నలుగుతున్నవే. అలాంటి రోడ్డు అంచున ఇవ్వాళ నాటిన వేప, రేపు సర్వే రాళ్లకు లోపలే ఉంటుంది. రోడ్డు వాళ్లు రేపు తవ్వితే తప్పు వాళ్లది కాదు, జాగా వాళ్లది. రిజిస్టర్ మాత్రం మీది. ఏఈకి ఫోన్ చేసి "ఈ రెండు కిలోమీటర్లలో మూడేళ్లలోపు ఏమైనా పని ఉందా" అని అడగండి. ఫోన్‌లో చెప్పింది చాలదు. ఒక లెటర్ పెట్టి, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. జవాబు రాకపోయినా మీరు అడిగినట్టు ఆధారం మిగులుతుంది.

కాలువ గట్లదీ ఇదే సంగతి. ఈ ప్రాంతంలో కాకతీయ కాలువ, వరద కాలువ, వాటి డిస్ట్రిబ్యూటరీలు చాలా ఊళ్లను తాకుతూ పోతాయి. గట్టు మీద నీడ బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. గట్టు మీద ఇరిగేషన్ వాళ్ల బండి పోవాలి, పూడిక తీసే జేసీబీ తిరగాలి. చెరువు కట్ట అయితే ఇంకా జాగ్రత్త. మట్టి కట్టలో పెద్ద చెట్టు వేర్లు లోతుకు పోయి, చెట్టు చచ్చాక ఆ వేర్లు కుళ్లితే నీళ్లు ఊరే దారులు ఏర్పడతాయి. అందుకే ఇంజినీర్లు కట్ట మీద మర్రి, రావి వద్దంటారు, వాళ్ల మాట విని తీరాలి. అక్కడ ఈత, తాటి పెట్టడం పాత అలవాటు, గీత కార్మికులకూ పనికొస్తుంది. శిఖం అంచున, నీళ్లు కొన్ని వారాలు నిలిచే చోట తెల్లమద్ది, నేరేడు తట్టుకుంటాయి. వేప అక్కడ పెడితే మొదటి వానకాలమే వేరు కుళ్లుతుంది.

తర్వాత తల పైకెత్తి చూడండి. మొక్కను చూసి కరెంటు తీగను మరిచిపోవడం మనలో అందరూ చేసే పని, ఎందుకంటే నాటేటప్పుడు మొక్క మోకాలు ఎత్తే ఉంటుంది. అయిదో ఏట అది లైన్‌కు తగులుతుంది. వానకాలం ముందు లైన్‌మన్ వచ్చి తల నరుకుతాడు. అతని తప్పేమీ లేదు, కరెంటు పోతే ఊరు అతన్నే తిడుతుంది. సిరిసిల్ల జిల్లాలో మీరు మాట్లాడాల్సింది సెస్‌తో, అంటే 1970 నుంచి ఉన్న సహకార విద్యుత్ సంఘంతో. జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుతో. జిల్లా సరిహద్దు మండలాల్లో పనిచేసేవాళ్లు ఈ తేడా మరిచిపోయి తప్పు ఆఫీసుకు లెటర్ రాస్తుంటారు. లైన్ కింద పెట్టక తప్పకపోతే గన్నేరు, టేకొమా, గోరింట లాంటి పొద జాతులతో సరిపెట్టుకోండి. లేదంటే వరుసను లైన్‌కు నాలుగైదు మీటర్లు దూరం జరపండి. అంత జాగా లేకపోతే ఆ వైపు వదిలేయండి.

భూమి లోపల ఏముందన్నది కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు. మిషన్ భగీరథ పైపులు చాలాచోట్ల బాట అంచు పట్టుకునే పోయాయి. అక్కడక్కడ ఇంటర్నెట్ కేబుల్ కూడా. గుంత తీసేటప్పుడు గడ్డపార పైపుకు తగిలితే ఊరికి ఆ పూట నీళ్లు ఉండవు. తగలకపోయినా, రెండేళ్ల తర్వాత లీకేజీ కోసం తవ్వేవాడు మీ చెట్టు వేరును చూసి ఆగడు. ఊళ్లో నీళ్లు వదిలే మనిషికి పైపు ఎటు పోయిందో ఆఫీసు మ్యాప్ కన్నా బాగా తెలుసు. గుంతలకు సున్నం పోసే రోజు అతన్ని వెంట తీసుకెళ్లండి.

ఇక పొలాల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మొక్కలు పోతాయి, ఎక్కువ గొడవలు అవుతాయి. బాట పక్కన వరి పొలం ఉన్న రైతుకు మీ చెట్టు మీద కోపం ఉండటం సహజం. నీడ పడ్డ మేర వరి పలచబడుతుంది. పెద్ద చెట్టయితే వేరు పొలంలోకి వస్తుంది. అతను నోటితో ఏమీ అనకపోవచ్చు. ఓ రోజు మీరు వెళ్లేసరికి వరుసగా పది మొక్కలు ఎండి ఉంటాయి, కారణం ఎవరూ చెప్పరు.

నీడ ఎటు పడుతుందో ముందే లెక్కేయవచ్చు. మన ప్రాంతంలో మే నెల మధ్యలోనూ, జులై చివర్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. యాసంగి నాట్ల నుంచి కోతల దాకా మాత్రం దక్షిణానికి వాలి ఉంటాడు, అంటే నీడ ఉత్తరానికి పడుతుంది. తూర్పు పడమరలుగా పోయే బాటకు దక్షిణ అంచున నాటితే యాసంగిలో నీడ బాట మీద పడుతుంది. నడిచేవాళ్లకు మేలు, రైతుకు నష్టం లేదు. అదే మొక్కను ఉత్తర అంచున పెడితే నీడంతా పొలంలో పడుతుంది. రెండు వైపులా పెట్టాల్సిందే అని ఒత్తిడి ఉంటే, ఉత్తరం వైపు పొలం లేని చోట్లు, బీడు, బండలున్న చోట్లు ఎంచుకోండి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు వేసే చోట కొంత వెసులుబాటు ఉంటుంది, పసుపు కాస్త నీడను ఓర్చుకుంటుంది. కానీ పంట మార్పిడి జరిగితే మరుసటి ఏడు అక్కడే వరి రావచ్చు.

దీనికన్నా పెద్ద శత్రువు నిప్పు. హార్వెస్టర్‌తో కోసిన తర్వాత వరికొయ్యలకు నిప్పు పెట్టడం మానండని ఎంత చెప్పినా ఆగడం లేదు. ఏప్రిల్, మే నెలల్లో, మొక్క అన్నిటికన్నా నీరసంగా ఉన్నప్పుడు, గాలి వాటుకు మంట గట్టెక్కి మీ వరుసను ఒకే మధ్యాహ్నం తుడిచేస్తుంది. కాబట్టి పొలం గట్టును ఆనుకుని నాటకండి. బాట అంచుకూ పొలం గట్టుకూ మధ్య వెడల్పు బొత్తిగా తక్కువుంటే అక్కడ నాటడం దండగ. నాటిన చోట మార్చి నెలలోనే గడ్డి చెక్కించండి, కొయ్యలు కాల్చే సీజన్ దాటాక కాదు. చదువుతూ చదువుతూ "ఇది వాచర్ పని కదా" అనుకుంటున్నారేమో. అవును, అతని పనే. నోటీసు మాత్రం మీకే వస్తుంది.

మేకలు, గొర్లు వచ్చే దారిని కూడా ముందే చూడాలి. ప్రతి ఊళ్లో మందలు పొద్దున ఏ బాటన పోతాయో, సాయంత్రం ఏ బాటన వస్తాయో ఖాయంగా ఉంటుంది. ఆ బాటలో రావి, వేప నాటడమంటే వాటికి మేత పెట్టడమే. రావి మండలు మేకలకు ఎంత ఇష్టమో కాపరిని అడిగితే చెప్తాడు. అక్కడ కానుగ పెట్టండి, మేక దాన్ని అంతగా ముట్టదు. సీతాఫలం అసలే తినదు. మేక కొరికిన తర్వాత జరిమానా వేసి, ఊళ్లో ఒక కులం మొత్తంతో మాట పోగొట్టుకోవడం కన్నా, ముందే మందల పెద్దను పిలిచి ఏ వైపు వదిలేయాలో అడగడం చవక.

నేల చూసే పద్ధతికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక్కరోజు చాలు. అనుకున్న వరుసలో మూడు నాలుగు చోట్ల ఒకటిన్నర అడుగు గుంత తీయించి, నిండా నీళ్లు పోయించండి. మర్నాడు పొద్దున కూడా నీళ్లు నిలిచి ఉంటే అది రేగడి, లేదా కింద గట్టి పొర ఉంది. అక్కడ వేప, సీతాఫలం వద్దు. నేరేడు, తెల్లమద్ది చూడండి. గంటలో ఇంకిపోతే చెల్క నేల. అక్కడ గుంత పెద్దగా తీసి, చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి నింపితే గానీ ఎండాకాలం దాటదు. ఎండల్లో నేల మీద తెల్లటి పొర తేలితే చౌడు. కానుగ, నల్లతుమ్మ తప్ప మిగతావాటికి అక్కడ డబ్బు పెట్టకండి. జేసీబీతో మొరం తీసి వదిలేసిన చోట్లు మ్యాప్‌లో ఖాళీ జాగాలుగా బాగా కనిపిస్తాయి. పై మట్టి లేని చోట ఏ మొక్కా నిలవదు. అనుమానం ఉంటే పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, నేల గురించి అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు.

నీళ్ల లెక్క కాగితం మీద వేసుకోనివాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. ఒక ఊరు అనుకుందాం. కిలోమీటరు బాట, రెండు వైపులా అయిదు మీటర్లకో మొక్క, మొత్తం 400. ఎండాకాలంలో మొక్కకు వారానికి ఒకసారి 20 లీటర్లు అనుకున్నా 8,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్ అయితే రెండు ట్రిప్పులు. ఇంతవరకు తేలికే. ఇప్పుడు టైం లెక్కేయండి. పైపుతో మొక్కకు ఒక నిమిషం పడితే 400 నిమిషాలు, అంటే దాదాపు ఏడు గంటలు. నింపుకోవడం, రావడం పోవడం కలిపితే ఒక ట్రాక్టర్‌కు నిండు రోజు. ఆ ట్రాక్టరే పొద్దున చెత్త తీయాలి, నర్సరీకి, పల్లె ప్రకృతి వనానికి, వైకుంఠధామానికి నీళ్లు తోలాలి. ఇలాంటి బాటలు మూడు పెట్టుకుంటే వారంలో మూడు రోజులు ట్రాక్టర్ బాటల మీదే. డ్రైవర్ సెలవు పెట్టినా, డీజిల్ బిల్లు ఆగినా ఆ వారం మొక్కలు ఎండుతాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఒక వారం తప్పితే మొదటి ఏడాది మొక్క తిరిగి లేవదు.

అదే ఊళ్లో 400 మొక్కల్ని విడదీసి, బడి, అంగన్‌వాడీ, వైకుంఠధామం, వాటర్ ట్యాంక్ ఉన్న జాగాల్లో 250, బోరుకు దగ్గరున్న బాట మీద 150 పెడితే ట్యాంకర్‌కు మిగిలేది ఆ 150 మాత్రమే. మూడు వేల లీటర్లు, ఒక్క ట్రిప్పు, ఒక పూట పని. మిగతావి పైపు వేసి అక్కడున్న మనిషే తడుపుతాడు. 400లో చట్టం ప్రకారం 340 బతకాలి. మొదటి పద్ధతిలో పోగొట్టుకోవడానికి మీ దగ్గరున్న 60 మొక్కలు ఏప్రిల్ రెండో వారానికే అయిపోతాయి. రెండో పద్ధతిలో ఆ 60 జులైలో గ్యాప్ ఫిల్లింగ్ దాకా చేతిలో మిగులుతాయి. ఫొటోకు పొడవాటి బాట అందంగా వస్తుంది, నిజమే.

అయితే బడి ఆవరణ, గోడలున్న జాగాలు అన్నీ క్షేమమని అనుకోవద్దు. గోడకు, మరుగుదొడ్డి ట్యాంకుకు, బావికి ఆనించి రావి, మర్రి పెడితే పదేళ్ల తర్వాత గోడ పగులుతుంది. పెద్దయ్యే చెట్టుకు కనీసం 20 అడుగులు వదలండి. తురాయి కొమ్మలు పెళుసు, గాలిదుమారానికి విరుగుతాయి. దాన్ని పిల్లలు ఆడే చోట, బస్టాప్ పక్కన పెట్టకండి. తరగతి గదులకు పడమర వైపు వేప, కానుగ పెడితే సాయంత్రపు ఎండ గోడకు తగలదు, టీచర్లే నీళ్లు పోయించుకుంటారు. వాళ్లకు లాభం కనిపిస్తే మీకు సగం కాపలా తప్పుతుంది.

మున్సిపాలిటీల్లో పనిచేసేవాళ్లకు చోటు దొరకడమే కష్టం. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లున్న గల్లీల్లో మోరీకీ గోడకూ మధ్య అడుగు జాగా ఉండదు. అక్కడ సంఖ్య కోసం మోరీ అంచున మొక్క పెడితే పూడిక తీసే రోజు పారకే బలి. డైయింగ్ యూనిట్ల నీళ్లు పారే వైపు అసలు వద్దు, ఉప్పుకు వేరు మాడుతుంది. ఇంటి ముందు నాటేదైతే ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు కోరిన మొక్కే ఇవ్వండి. షట్టర్ ముందు, బోర్డుకు అడ్డంగా పెట్టినది రాత్రికి రాత్రి మాయమవుతుంది. కోరుట్ల లాంటి చోట డివైడర్ మీదైతే గన్నేరు చాలావరకు నిలుస్తుంది, పశువులు ముట్టవు. దాని పాలు విషం కాబట్టి బడుల దగ్గర మాత్రం వాడకండి.

కోనోకార్పస్ గురించి ఒక్క మాట చెప్పాలి. గల్ఫ్ నుంచి వచ్చిన మన ఊరివాళ్లు దాన్ని చూడగానే గుర్తుపడతారు, అక్కడి రోడ్లంతా అదే. త్వరగా పెరుగుతుంది, చావదు, సంఖ్యలు నిలబెడుతుంది. అందుకే ఒకప్పుడు మన దగ్గరా విపరీతంగా నాటాం. వేర్లు పైపుల్లోకి పోతాయని, పుప్పొడితో అలర్జీలు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాక వద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. మీ ముందు పనిచేసినవాళ్లు పెట్టినవి ఉంటే వాటి గురించి పై ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. సొంతంగా నరికిస్తే అది వేరే కేసు.

అప్పుడప్పుడు ఎవరో పెద్దమనిషి ఫోన్‌లో ఫొటో పంపి, గేటు ముందు ఇలాంటి పొద పెట్టిద్దామంటాడు. క్రిస్మస్ కార్డుల మీద ఎర్ర పండ్లతో, ముళ్ల ఆకులతో కనిపించే హోలీ లాంటిది. అది చల్లని దేశాల పొద, మన మే నెలకు ఆగదు. వాదించకండి. వాక పెట్టిస్తానని చెప్పండి. ముళ్లుంటాయి, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఎర్రటి కాయలు కాస్తుంది, కంచెగా మేకను ఆపుతుంది, కాయలు పప్పులోకి పనికొస్తాయి. దానికి నిండా ఎండ తగిలే, నీళ్లు నిలవని చోటు చూస్తే చాలు. పిల్లలు పరుగెత్తే దారికి మాత్రం దూరంగా పెట్టాలి.

ఇన్ని చూశాక మీ దగ్గర రెండు జాబితాలు తేలతాయి, నాటదగ్గవి, నాటకూడనివి. రెండోది మొదటిదానికన్నా ముఖ్యం. మే నెల ఆఖరుకల్లా ఆ నాటకూడని చోట్లను ఒక్కోదానికి కారణంతో రాసి, ఫొటో పెట్టి, ఎంపీడీవోకు పంపండి. "విస్తరణ ప్రతిపాదన ఉంది", "11 కేవీ లైన్ కింద", "నీళ్లకు రెండు కిలోమీటర్ల దూరం" అని ఒక్కో లైన్ చాలు. గోల చేయొద్దు, మీటింగ్‌లో లేచి మాట్లాడొద్దు. లక్ష్యం తగ్గించమని కూడా అడగొద్దు, తగ్గించరు. ఆ సంఖ్యకు బదులు ఏ జాగా చూపిస్తున్నారో అదే లెటర్‌లో రాయండి. చోటు మార్చడానికి ఒప్పుకునే అధికారులు, సంఖ్య తగ్గించడానికి ఒప్పుకునేవాళ్లకన్నా చాలా ఎక్కువ. అయినా ఫలానా బాట మీదే నాటాలని చెప్తే నాటండి, ఆ ఆదేశాన్ని వాట్సాప్ గ్రూప్‌లో వచ్చింది వచ్చినట్టు స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టండి. గ్రూప్‌లో మెసేజ్‌లు డిలీట్ అవుతాయి. నాటిన తేదీ, చోటు, జాతి, సంఖ్య, నీళ్లు తోలిన రోజులు అదే రిజిస్టర్‌లో రాయించి నెలకోసారి మీరే సంతకం పెట్టండి. బదిలీ అయితే ఆ రోజుకు బతికున్న లెక్కతో కొత్త కార్యదర్శి సంతకం తీసుకున్నాకే చార్జ్ అప్పగించండి.